పులుసు నేర్పినామె

కొన్నాళ్లుగా మా ఆయన షోయబ్ ఫోను పట్టుకుని కారిడార్‌లోకి వెళ్లి గుసగుసలాడుతున్నాడు. నేను తలుపు తీస్తే "ఆఫీస్ కాల్ యార్" అంటాడు. ఆఫీసు వాళ్లతో ఎవరైనా "తిన్నానండీ, మీరు తిన్నరా?" అంటారా?

ఈరోజు రైలు దిగి సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చేసరికి వంటింట్లో ఉన్నాడు. టీ తప్ప ఏదీ చేయని మనిషి, పాన్‌లో ఉల్లిపాయలు వేయించి చింతపండు రసం పోసి మరిగిస్తున్నాడు. అందులోకే పచ్చి గుడ్లు పగలగొట్టి వేశాడు. నేను గరిటె తీసుకుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అరే, గరిటె పెట్టకు! గుడ్లు చెదురుతయ్. పాన్ పట్టుకుని ఊపాలె."

వాళ్లింట్లో గుడ్లంటే ఉల్లిపాయలతో పొరటు చేసే ఖాగీనా ఒక్కటే. గుడ్లలో చింతపండు ఎవరూ వెయ్యరు.

"ఎవరామె?" అన్నాను.

"ఎవరు?"

"రోజూ నువ్వు తిన్నావా అని అడిగే ఆమె. ఈ పులుసు నేర్పినామె."

షోయబ్ మంట తగ్గించాడు. "నువ్వు కనిపెట్టేదాకా చెప్పొద్దన్నరు."

గరిటె గట్టు మీద పెట్టాను. "పేరు చెప్పు."

"మీ అమ్మ."

మా రిజిస్టర్ పెళ్లి అయినప్పటి నుంచి అమ్మ నాతో మాట్లాడలేదు. ఎన్నిసార్లు చేసినా నా ఫోను ఎత్తలేదు.

"నా గురించి ఏమైనా అడిగిందా?"

"అడగలే. పులుసు మాత్రం మొత్తం చెప్పిన్రు, ఆఖర్ల బెల్లం ఎంత వెయ్యాల్నో తప్ప." షోయబ్ పాన్‌ను మెల్లగా ఊపాడు. "బెల్లం సంగతి దాన్నే నాకు ఫోన్ చేసి అడగమను, ఈసారి ఎత్తుతాను అన్నరు."