తలలు చూసి ఎంచుకున్న వీధి

“అదిగో, ఆ తల చూడు! ఎలకలు కొరికినట్టు లేదూ?”

వీధి మొదట్లో నిలబడి కత్తెరాయన మోచేత్తో పెళ్ళాన్ని పొడిచాడు.

“మెల్లగా! ఇల్లు చూడ్డానికొచ్చి జనం తలలు చూస్తారేంటండీ?”

“ఇల్లేముందే, నాలుగ్గోడలు. మనకి కూడు పెట్టేది తలలే.”

అదీ నిజమే. రోడ్డు వెడల్పు చేస్తామని ఊళ్ళో అతని కటింగ్ షాపు పడగొట్టేశాక, మొగుడూ పెళ్ళాం మూటాముల్లే సర్దుకుని ఈ మహానగరానికొచ్చి ఆవిడ తమ్ముడింట్లో దిగారు. అప్పట్నించీ కత్తెరాయన తిరగని పేట లేదు. స్టేషను పేటలో జనం కంటే కత్తెరలెక్కువ. కాలేజీ పేటలో మగపిల్లలకి నడుం దాకా జడలు. గుట్ట మీది పేట మరీ అన్యాయం, మగాళ్ళందరూ బట్టతలలే. ఎండెక్కితే వీధంతా తళతళలాడి, కాకులు కళ్ళు మూసుకుని ఎగురుతున్నాయక్కడ.

“బావా, పేట వెతుకుతున్నావా, పెళ్ళికూతుర్ని వెతుకుతున్నావా?” అని బావమరిది దెప్పుతుంటే ఆవిడకి తల కొట్టేసినట్టవుతోంది. ఈసారీ కుదరకపోతే, ఎవడి షాపులోనో కత్తెర పట్టుకుని కూలికి నిలబడాల్సిందే.

ఈ వీధి సంగతి మాత్రం వేరు. ఒకడికి కుడిచెవి మీద అడవి, ఎడమచెవి మీద ఎడారి. ఇంకొకడి మెడ వెనక జుట్టు మెట్లు మెట్లుగా ఉంది. చీమ ఎక్కితే సగంలో కూర్చుని ఆయాసం తీర్చుకోవాలి. ఈ కొస నుంచి ఆ కొసకి సెలూన్ అన్నది లేదు. పైగా మేడ కింద, రోడ్డు మీదికే గదున్న ఇంటికి అద్దె బోర్డు వేలాడుతోంది.

“బంగారు గనే ఇది! మన పనేంటో ఎవరికీ చెప్పకు. తెలిసిందో, రేపే ఇంకోడొచ్చి పక్కన కుర్చీ వేస్తాడు.”

“గనే అయితే ఇన్నాళ్ళూ ఎవడూ తవ్వలేదేం?” అందావిడ.

ఎదురుగా ఒక దర్జీ, చెవుల దాకా టోపీ దిగలాక్కుని మిషను తొక్కుతున్నాడు. కత్తెరాయన వెళ్ళి తన ఒత్తైన జుట్టు నిమురుకున్నాడు.

“అన్నా, జుట్టు పెరిగింది. ఇక్కడ కటింగ్ షాపెక్కడ?”

మిషను ఆగింది. దర్జీ మేడ వైపోసారి చూశాడు.

“షాపు లేదన్నా.”

“ఎవరూ పెట్టలేదా?”

“పెట్టారు. ఉండలేదు.”

“ఎందుకని?”

“ఇంటికోసం వచ్చారా? మంచి ఇల్లు. గాలి బాగా వస్తుంది.” మిషను మళ్ళీ టకటకలాడింది.

“చూశారా? అడిగింది జుట్టు గురించి, చెప్పింది గాలి గురించి. ఇక్కడేదో ఉందండీ,” అందావిడ గొంతు తగ్గించి.

“ఏముంటుంది, దయ్యమా?”

“దయ్యమైతే ఈ తలలు చూసి అదే జడుసుకునేది. మనుషులే ఏదో దాస్తున్నారు.”

అంతలో మేడ మీద తలుపు కిర్రుమంది. వీధిలో ఆడుకుంటున్న పిల్లలు ఆట ఎక్కడిదక్కడ వదిలేసి ఇళ్ళల్లో దూరారు. దర్జీ టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. మెట్ల మీంచి ఒక పెద్దాయన దిగొచ్చాడు. తలుపంత మనిషి, చేటంత చేతులు, మొహం నిండా నవ్వు.

“రండి నాయనా, రామ్మా! గది చూశారా? ఈ వీధిలో ఇళ్ళన్నీ నావే. ఇంత తక్కువ అద్దె ఈ నగరంలో ఎక్కడా దొరకదు.”

“అంత తక్కువెందుకు బాబాయిగారూ?” అందావిడ.

“నా వీధివాళ్ళు నా ఇంటివాళ్ళ కిందే లెక్కమ్మా.”

“ఇదివరకు ఈ గదిలో ఎవరుండేవారు?”

“మంచివాడే పాపం. బేరాల్లేవని వెళ్ళిపోయాడు. నాకూ అంతు పట్టలేదు.”

పని రానివాడై ఉంటాడని కత్తెరాయన మనసులో నవ్వుకున్నాడు. ఆవిడ మాత్రం అతని చొక్కా పట్టి పక్కకి లాగింది.

“ఆయన మీ మొహం చూడ్డం లేదు. నెత్తి వంకే చూస్తున్నాడు.”

“తలకాయున్నవాణ్ణి చూసి ముచ్చట పడుతున్నాడే పిచ్చిదానా!”

“ఒకటే మాట నాయనా,” అన్నాడు పెద్దాయన. “ఏడాది దాకా ఖాళీ చెయ్యకూడదు. చేస్తే అడ్వాన్సు తిరిగి రాదు. ఇంకోటి, నేను ప్రేమగా ఏదన్నా చేస్తే కాదనకూడదు.”

“కాదంటే?” అందావిడ.

“ఇంతవరకూ ఎవరూ అన్లేదమ్మా,” అని నవ్వాడు.

ఆవిడ గిల్లింది. కత్తెరాయన ఆగలేదు. అడవిలాంటి చెవులూ, మెట్లలాంటి మెడలూ కళ్ళ ముందు వరసకట్టాయి. జేబులో ఉన్న డబ్బంతా తీసి పెద్దాయన చేతిలో పెట్టేశాడు.

ఎదురుగా దర్జీ “అయ్యో” అన్నట్టు వినిపించింది. అటు తిరిగేసరికి మిషను ఉంది, మనిషి లేడు.

పెద్దాయన లోపలికెళ్ళి ఒక స్టూలు తెచ్చి వరండాలో వేశాడు.

“కూర్చో నాయనా, మొహమాటపడకు. నేను గొర్రెల ఫారంలో చేసి రిటైరయ్యాను. చేతులు ఊరుకోవనుకో.”

మర్యాదకి కత్తెరాయన కూర్చున్నాడు. టీ ఏమన్నా తెస్తాడేమో అనుకున్నాడు. వెనకనించి తెల్లటి దుప్పటి ఒకటి అతని మెడ చుట్టూ పడి, ముడి బిగుసుకుంది.

“ఈ వీధిలో అందరికీ కటింగ్ నేనే నాయనా, ఊరికే!”