ఊఁ అంటే చాలు

"నీలవేణత్తా! ఓ నీలవేణత్తా! లేచావా?"

తామరకుంట గట్టున ఒంటరిగా ఉండే తాబేలు నీలవేణికి ఆ పిలుపంటే ఒళ్లుమంట. ఎదురుగా తుమ్మచెట్టు మీదుండే గోరింక సిరిమల్లి తెల్లారితే చాలు, అలా పిలుస్తుంది. "ఊఁ" అనేదాకా వదలదు.

"నువ్వేమన్నా కథ చెబుతున్నావా, నేను ఊఁ కొట్టడానికి? నా ఇల్లు నా వీపు మీదే ఉంది. నాకెవరి కాపలా అక్కర్లేదే!" అని రోజూ విసుక్కునేది నీలవేణి.

ఈ పొద్దు మాత్రం ఊఁ అనలేదు. పిలుపు రాకముందే, గడ్డిపోచల మీద ముత్యాల్లా మెరిసే మంచును చూసుకుంటూ గట్టు దిగబోయి, జారి వెల్లకిలా పడింది. కాళ్లు గాలిలో ఈదుతున్నాయి. ఊఁ అందామంటే నోటినిండా బురద. ఎండ ఎక్కుతోంది. అంత ముచ్చటైన ఇల్లే ఇప్పుడు ఆమెను లేవనివ్వడం లేదు.

"అత్తా! అలిగావా?"

ఆ తర్వాత చప్పుడు లేదు. వెళ్లిపోయిందేమోనని నీలవేణి గుండె జారిపోయింది.

కాసేపటికి రెక్కల టపటప వినిపించింది. సిరిమల్లి వెనకాలే బర్రె గౌరమ్మ రొప్పుతూ వచ్చి, మూతితో ఒక్క తోపు తోసింది. నీలవేణి మళ్లీ నాలుగు కాళ్ల మీద నిలబడింది.

"నువ్వు ఊఁ అనకపోతే భయమేసింది. కోప్పడకత్తా, రేపట్నుంచి పిలవనులే" అంది సిరిమల్లి.

నీలవేణి సిగ్గుతో తల చిప్పలోకి లాక్కుంది. మళ్లీ బయటపెట్టి, గట్టిగానే చెప్పేసింది.

"పిచ్చిదానా! రోజూ నువ్వు పిలవకముందే లేస్తానే నేను. నీ పిలుపు కోసమే కళ్లు మూసుకుని పడుకుంటాను."