తొమ్మిదికి పది నిమిషాలు

“రాశావా, నాయనా?”

ఫోన్‌లో ఆ మాట కనపడగానే వల్దేయిర్ కాఫీ కప్పు పక్కన పెట్టి నోట్‌బుక్ తెరిచాడు. తొమ్మిదికి ఇంకా పది నిమిషాలున్నాయి. తొమ్మిదింటికి మార్కెట్ మొదలవుతుంది.

డాలర్ పెరుగుతుందనుకుంటే కొంటాడు, పడుతుందనుకుంటే అమ్ముతాడు, సాయంత్రంలోగా తేల్చేసుకుంటాడు. బ్రెజిల్‌లోని ఇపాచింగా ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు క్రేన్ నడిపి, మానేసినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో రెండేళ్లుగా ఇదే పని.

గుర్తుచేసేది మార్లూసియా టీచర్. స్కూల్లో అతనికి లెక్కలు చెప్పినావిడ. ఇప్పుడు రిటైరయ్యారు. ఏడాది కిందట బేకరీలో ఎదురుపడి, అతను చేస్తున్న పనేమిటో విని, కళ్లజోడు సవరించుకున్నారు.

“ఎప్పుడు కొన్నావో, ఎందుకు కొన్నావో ఎక్కడైనా రాసుకుంటున్నావా?”

“రాద్దామనే అనుకుంటాను టీచర్. రెండ్రోజులు రాస్తాను, మూడో రోజు బద్ధకం.”

“నేను గుర్తుచేస్తాలే.”

“మీకు ఫీజు...”

“నోర్ముయ్! నా దగ్గర చదువుకున్నవాడివి.”

మొదట్లో ఆవిడ సాయంత్రం ఆరింటికి గుర్తుచేసేవారు. అప్పటికి అతను డబ్బు పోగొట్టుకుని, పుస్తకం మొహం చూడబుద్ధి కాక, నోటికొచ్చింది రాసి పంపేవాడు. టీచర్ వారంలోనే కనిపెట్టేశారు.

“వేళగాని వేళ చెప్తే గోడకి చెప్పినట్టే. రోజూ ఏ పని తప్పకుండా చేస్తావు నువ్వు?”

“కాఫీ తాగుతాను.”

“ఎన్నింటికి?”

ఆ మర్నాటి నుంచి మెసేజ్ కాఫీ వేళకే వచ్చింది.

“బటన్ నొక్కాక రాస్తే అది సంజాయిషీ నాయనా. నొక్కకముందు రాయి. కొంటావా, అమ్ముతావా, ఎందుకు, పదికి ఎంత నమ్మకం. పేజీ ఫొటో తీసి నాకు పంపు. పంపాక అయిదు నిమిషాలు ఆగు. ఆవేశం చల్లారాక అప్పుడు నొక్కు.”

రెండు నెలలు తిరిగేసరికి అలవాటు ఒంటికి పట్టేసింది. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. చేతిరాత కూడా కుదురుకుంది. డబ్బు మాత్రం కరుగుతూనే ఉంది. ఎనిమిది, తొమ్మిది అని నమ్మకం రాసుకున్న రోజుల్లోనే మరీ ఎక్కువ కరిగేది.

ఒకసారి జ్వరం వచ్చి, మూడు రోజులు ఏదో తోచింది రాశాడు. మూడు రోజులూ లాభమే. నాలుగో రోజు టీచరే ఫోన్ చేశారు.

“ఒంట్లో ఎలా ఉంది? మందేసుకున్నావా? నువ్వు ఎప్పట్లా ఉండాలి నాయనా. అదే నాక్కావాలి.”

లాభం సంగతి అడగకుండా ఒంటి సంగతి అడిగారని అతను ఇంట్లో పదిసార్లు చెప్పుకున్నాడు.

అతని భార్య రోజిలేని పెళ్లి బట్టలు కుడుతుంది. ఆవిడకి ఈ వ్యవహారం మింగుడు పడలేదు.

“నీ మీద ఆవిడకి అంత ప్రేమేంటయ్యా? మీ అమ్మ కూడా నిన్ను రోజూ ఇలా పలకరించలేదు.”

“మనుషుల్లో మంచి నీ కంటికి ఆనదు. ఒక్క రియాల్ తీసుకుందా నా దగ్గర?”

“అదేగా నా భయం!”

ఆగస్టులో కారు పోయింది. అక్టోబర్‌లో రోజిలేని ఊరెళ్లినప్పుడు ఆవిడ కుట్టుమిషన్ కూడా అమ్మేశాడు. తిరిగొచ్చి, కిటికీ దగ్గర ఖాళీ చోటు చూసి, రోజిలేని అరవలేదు. నేల మీద పడున్న దారపు కండె తీసి మేకుకి తగిలించింది.

“సోమవారం నుంచి మా అన్నయ్య పాల డిపోలో పనికెళ్తావు. వెళ్లకపోతే పిల్లని తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతాను. ఇంక నిన్ను అడగను.”

ఆదివారం అతను టీచర్ ఇంటికి వెళ్లాడు. ఆవిడ కొత్తగా పలకలు వేయించిన వరండాలో కూర్చోబెట్టి, వేడివేడి చీజ్ బన్నులు తెచ్చారు.

“మానేస్తున్నాను టీచర్.”

ఆవిడ పళ్లెం పక్కన పెట్టేశారు.

“ఎంత మాటన్నావు నాయనా! నీలాంటి విద్యార్థి నాకు మళ్లీ దొరుకుతాడా?”

“ఒక్కటీ కలిసిరావడం లేదు. నాకు రాసిపెట్టి లేదు.”

“చాలామందిది ఒకరోజు ఒకలా, ఒకరోజు ఇంకోలా. నీది ఎంత నిలకడో నీకే తెలీదు.” ఆవిడ లోపలికి వెళ్లి కవరు తెచ్చి అతని జేబులో కుక్కారు. కళ్లనిండా నీళ్లు. “ఇది తిరిగివ్వక్కర్లేదు. ఖాతాలో వేసుకో. ఒక్క నెల చూడు. నా కోసం.”

అతను ఆవిడ చేతులు కళ్లకద్దుకున్నాడు.

సోమవారం ఎనిమిదిన్నరకి రోజిలేని సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. పక్కన ఆరేళ్ల తాయిస్.

“డిపోకి వెళ్తున్నావా?”

“ఒక్క నెల, రోజీ.”

ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. కిందనుంచి తాయిస్ “నాన్నా!” అని ఒక్కసారి పిలిచింది. అతను కదలలేదు. ఎదురుగా కాఫీ చల్లారిపోతోంది.

తొమ్మిదికి పది నిమిషాలుండగా ఫోన్ మోగింది.

“రాశావా, నాయనా?”

ఇల్లంతా ఖాళీ అయినా, తనని తలుచుకునే మనిషి ఇంకా ఒకరున్నారు. కళ్లు తుడుచుకుని రాశాడు. “కొంటున్నాను. ఈసారి పెరిగి తీరుతుంది. నమ్మకం పదికి పది.” ఫొటో తీసి పంపి, గడియారం చూస్తూ అయిదు నిమిషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

అవతల మార్లూసియా టీచర్ ఆ పేజీని, నెలనెలా తనకు చందా కట్టే ఎనిమిది వందల మందికీ ఒక్కసారిగా పంపి, కింద ఇలా రాశారు: “ఇతను కొంటున్నాడు, మీరు అమ్మండి.”