తాళ్ళ సంచి

గోధుమల కొట్టు ముందు పొద్దుటి నుంచి పడిగాపులు కాసిన జనం, తలుపు తెరుచుకోకపోయేసరికి సున్నపుబట్టీ మీదికి వచ్చారు.

వాళ్ళకు కావలసింది నిప్పు.

పాత పోప్‌గారు పోయాక రోమ్‌లో తిండి లేదు. కొట్లలో ఉన్నదంతా బిచ్చగాళ్ళకు పంచి, చెరలో పడ్డవాళ్ళను విడిపించడానికి తగలేసి పోయాడని ఊరి కోపం. ఆయన ఇక చేతికి దొరకడు. అందుకని ఆయన రాసిన పుస్తకాలు తగలబెడదామని బయలుదేరారు.

బట్టీ ఉర్సోది. కూలిపోయిన గుళ్ళలోని పాలరాతి బొమ్మలు పగలగొట్టి సున్నం కాలుస్తాడు.

నిప్పు ఇస్తానని అతను వెంటనే ఒప్పుకున్నాడు.

ఊరి ముట్టడి నాడు, ఉత్తరాది నుంచి దండెత్తి వచ్చిన లాంబార్డులు అతని భార్య దొమ్నిక మెడకు తాడు వేసి, కుక్కను లాక్కుపోయినట్టు లాక్కుపోయారు. ఉర్సో కోటగోడ మీద నిలబడి చూశాడు. ఆమెను విడిపిస్తానని పోప్‌గారు మాట ఇచ్చాడు. తర్వాత చెరపట్టుకుపోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. పొరుగింటి బోనోసా కొడుకూ వచ్చాడు. దొమ్నిక రాలేదు. మాట ఇచ్చినాయన మాత్రం చచ్చిపోయాడు.

ఉర్సో ఇనుప ఊచతో బొగ్గులు కుండలోకి లాగుతుండగా జనంలోంచి ఒక మనిషి ముందుకు వచ్చాడు.

మెడ వెనక నున్నగా గొరిగి ఉంది. ముందు జుట్టు రెండు పాయలుగా నోటిదాకా వేలాడుతోంది. లాంబార్డు.

భుజాన ఒక సంచి. కాళ్ళనిండా దుమ్ము.

"సున్నం ఉర్సో," అన్నాడు, వచ్చీరాని మాటతో. "ఉర్సో నాతో రావాలి."

కసాయి లూపో పళ్ళికిలించాడు. "విన్నావా బావా, నీకు పెళ్ళిపిలుపు వచ్చింది."

నలుగురు నవ్వారు. లూపో ఆ సంచి లాగి నేల మీద దులిపాడు.

తాళ్ళు పడ్డాయి. పాతవి, జిడ్డోడుతున్నవి. ప్రతిదానికీ ఒక ఉచ్చు ఉంది.

నవ్వు ఆగిపోయింది. ఆ ఉచ్చు ఎంత వెడల్పుంటుందో, ఏ మెడకు పడుతుందో రోమ్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

"మనల్ని కట్టడానికి వచ్చాడ్రా," అన్నారెవరో మెల్లగా.

అతను తల అడ్డంగా ఊపాడు. చెయ్యెత్తి ఉత్తరపు కొండలవైపు చూపించాడు.

"దండు అక్కడుందన్నమాట," అన్నాడు లూపో.

"ఆడమనిషి..." అన్నాడు ఆ వచ్చినవాడు.

ఉర్సో ఊచ అతని నోటి మీద పడింది.

తర్వాత అతనికి మాట్లాడటానికి పళ్ళు లేవు. అయినా చెయ్యి మళ్ళీ ఉత్తరానికే లేచింది. లూపో ఆ చెయ్యి మోకాలి మీద పెట్టి విరిచాడు. బోనోసా జుట్టు పట్టుకుని వంచింది. పాలరాతి ముక్కలు ఎవరి చేతికి అందినవి వాళ్ళు విసిరారు. ఒక బొమ్మ తల వచ్చి వీపున తగిలింది.

అతను ఎవరినీ తిరిగి కొట్టలేదు. దానికి జనం కోపం ఇంకా పెరిగింది.

ఉర్సో ఒక తాడు తీసి అతని మెడకు వేశాడు. దొమ్నికను ఎలా లాగారో అలాగే బట్టీ చుట్టూ లాగాడు. కాళ్ళు తన్నుకోవడం ఆగాక కూడా లాగాడు.

జనం నిప్పుకుండ ఎత్తుకుని వెళ్ళిపోయారు. బోనోసా మాత్రం చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గర ఆగింది.

అప్పుడు వచ్చాడు సవీనో. పాత పోప్‌గారి దగ్గర పనిచేసిన చర్చి పరిచారకుడు. పుస్తకాలు కాల్చడానికి నిప్పు ఇవ్వొద్దని బతిమాలుకోవడానికి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

ముందు తాళ్ళు చూశాడు. తర్వాత శవాన్ని చూశాడు. దాని పక్కన కూర్చున్నాడు.

"ఎవడు వీడు?" అన్నాడు ఉర్సో.

సవీనో నెమ్మదిగా చెప్పాడు. విడుదలైనవాళ్ళను కొండల్లోంచి నడిపించుకొచ్చి, ఊరిబయట పాత సమాధుల దగ్గర చర్చివాళ్ళకు అప్పగించి పోయేది ఇతనేనట. ఊళ్ళో అడుగు పెట్టకూడదు, ఎవరి దండమూ తీసుకోకూడదు. అది పోప్‌గారు వేసిన శిక్ష. ఆయన పోయాక, చర్చివాళ్ళు సమాధుల దగ్గరికి ఎదురువెళ్ళడం మాన్పించారట; అందుకే ఇతను ఊళ్ళోకి రావలసి వచ్చింది.

"మా అబ్బాయిని తెచ్చిందీ ఇతనేనా అయ్యగారూ?" అంది బోనోసా. "మరి శిక్ష దేనికి?"

"ముట్టడి నాడు మనవాళ్ళ మెడలకు ఈ తాళ్ళు వేసింది ఇతనే. తర్వాత బుద్ధి వచ్చి పోప్‌గారి కాళ్ళ మీద పడ్డాడు. నువ్వు వేసిన ప్రతి తాడూ నువ్వే విప్పి తీసుకురా అన్నారాయన."

ఉర్సో ఊచ కింద పెట్టలేదు.

"అయితే చావాల్సినవాడే చచ్చాడు," అన్నాడు.

సవీనో నేల మీది తాళ్ళు ఒక్కొక్కటే సంచిలో వేశాడు.

"ఇంక ఒక్కరే మిగిలారని మొన్న కబురు పంపాడు. నువ్వు ఆశపడి దెబ్బతింటావని నీకు చెప్పలేదు ఉర్సో. దొమ్నిక దొరికిందట. కాళ్ళు పడిపోయాయట. మోసుకుంటూ వస్తున్నానన్నాడు."

ఉర్సో చేతిలోంచి ఊచ జారింది.

"ఎక్కడుంది?"

దొంగల భయంతో, వెంట తెచ్చినవాళ్ళను దాచే చోటు ప్రతిసారీ మార్చేవాడు. ఈసారి ఆమెను ఏ కొండలో, ఏ గుహలో కూర్చోబెట్టి వచ్చాడో తెలిసిన మనిషి లోకంలో అతనొక్కడే.