పది రావాల్సిన చోట ఐదు

సంకేతం ఐదింతలే అయింది. పదింతలు కావాలి.

హైందవి సర్క్యూట్ బోర్డు మీద మీటరు మళ్లీ పెట్టి చూసింది.

వినికిడి యంత్రాలు చేసే ఆ షోళింగనల్లూరు కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం ఉన్నది ఒకటే. చివరిదాకా మిగిలింది ఇద్దరే. ఇదీ పోతే పెట్టె సర్దుకొని ఒంగోలు బస్సెక్కాల్సిందే.

"మైకులోంచి వచ్చే సంకేతాన్ని పదింతలు చేసి, తలకిందులుగా పంపాలి. అంతేగా!" అన్నాడు పరీక్ష పెడుతున్న నిరంజన్. "కాసేపు కింద కూర్చుని ఆలోచించి రండి."

కింద హాలు నిండా అమ్మలే. రకరకాల ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వచ్చిన పిల్లలకు తోడొచ్చి, ఒళ్లో టిఫిన్ డబ్బాలు పెట్టుకొని, ముక్కోటి దేవుళ్లకూ మొక్కుతున్నారు.

జుట్టు నెరిసిన ఒకావిడ పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఈడ కూర్చోమ్మా. ఏంది, మొగం అట్టా వాడిపోయింది?"

"చెప్పినా మీకు అర్థం కాదులెండి ఆంటీ."

"చెప్పు. అర్థం కాకుంటే తలకాయ ఊపుతా."

హైందవికి నవ్వొచ్చింది. ఎవరో ఒకరికి చెప్పుకుంటే మేలనిపించింది.

"ఆంప్లిఫయర్ లోపలికి వచ్చే దారిలో ఒక రెసిస్టర్, అంటే అడ్డు. బయటికెళ్లినదాన్ని వెనక్కి తెచ్చే దారిలో ఇంకోటి. వెనక దారిది వంద, ముందు దారిది పది. వందను పదితో భాగిస్తే పది. తలకిందులవుతుంది కాబట్టి మైనస్ పది. చిన్నపిల్లల లెక్క! వచ్చి చచ్చేది మాత్రం ఐదు."

"మళ్లీ చేసి చూసినావా?"

"తల వాచిపోయేలా చేశా. ఒక్కటే పోస్టు ఆంటీ. ఆ రెండో వాళ్లు ఎప్పుడో చేసేసుంటారు."

ఆవిడ డబ్బాలోంచి మురుకు తీసి హైందవి చేతిలో పెట్టింది. హైందవి అది నోట్లో పెట్టుకోగానే అంది:

"మా తొండియార్‌పేట ఇంట్లో కొళాయి నీళ్లు సన్నంగా వస్తే, మా ఆయన కొళాయినే విప్పతాడు. వీధిలోంచి వచ్చే పైపులోనే అడ్డముంటే, పాపం కొళాయేం చేస్తదమ్మా?"

నోట్లో మురుకు నోట్లోనే ఉండిపోయింది.

వీధి పైపు... మైకు! మైకుకీ సొంత అడ్డు ఉంటుంది కదా! దానిదో పది, తను పెట్టినదో పది. మొత్తం ఇరవై. వందను ఇరవైతో భాగిస్తే ఐదు కాక ఇంకేమొస్తుంది? వెనక దారిలో వంద తీసి రెండొందలు పెడితే సరి!

"మీ నోట్లో పంచదార పొయ్య ఆంటీ!" అంటూ హైందవి మెట్లెక్కి పరుగెత్తింది.

"సెరి సెరి, నిదానంగా పో!" అని వెనకనుంచి వినబడింది.

ఈసారి పదింతలు! ఖచ్చితంగా పది, తలకిందులుగా!

నిరంజన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

"రాతపరీక్షలో మీదే పైచేయి. ఈ బోర్డు దగ్గరే మిమ్మల్ని వదులుకుంటామేమో అనుకున్నాం. ఉద్యోగం మీదే!"

హైందవికి కాళ్లు నేల మీద ఆనలేదు. ఆవిణ్ని గట్టిగా వాటేసుకోవాలని కిందికి ఉరికింది.

కుర్చీ ఖాళీగా ఉంది.

"ఇందాక ఇక్కడ కూర్చున్న ఆంటీ ఏరి?" రిసెప్షన్‌లోని గిరిని అడిగింది. "ఎవరి అమ్మగారు ఆవిడ? కాళ్లకు దండం పెట్టాలి!"

"అలివేలుమంగ మేడమా? ఇప్పుడే ఎల్లిపోయినారు," అన్నాడు గిరి. "ఎవురి అమ్మా కాదు మేడం, మీతో పోటీకి మిగిలిన రెండో ఆమె. పొద్దున్నే బోర్డు సరిగ్గా చేసేసి, మీరు చెయ్యలేకపోతే ఉద్యోగం తనదేనని ఆడ కూర్చోనుండారు."