పావుగంట కునుకు

"మెల్లగా మాట్లాడవే, లేస్తాడు," అన్నాడు పరుపుల కొట్టాయన, కొట్లో కొత్త పరుపు మీద గుర్రు పెడుతున్న పోస్టుమాన్‌ని చూపిస్తూ.

కూతురు గొంతు తగ్గించింది గానీ పట్టు తగ్గించలేదు. "ఇలాగైతే కొట్టు మూసుకోవాల్సిందే నాన్నా. ఆన్‌లైన్‌లో అమ్ముదాం."

"పడుకుని చూడకుండా పరుపెవరు కొంటారే? వచ్చినవాళ్ళు పావుగంట కునుకు తీస్తేగానీ మీ తాతయ్య ఎవరికీ అమ్మేవాడు కాదు."

"ఈయన మూడేళ్ళుగా తీస్తున్నాడు. కొన్నాడా?"

"ఇంకా తేల్చుకోలేదు."

"మరి ఆ మూల పడుకున్న టీచరమ్మ?"

"ఆవిడ ఎడమవైపు తిరిగి కూడా చూడాలంది."

కూతురికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతలో తలుపు దబాలున తోసుకుని ఒకాయన వచ్చాడు. "డబుల్ పరుపు ఎంతండీ?" అని కేకేశాడు.

పోస్టుమాన్, టీచరమ్మ ఉలిక్కిపడి లేచారు. చెప్పులు వెతుక్కుని, సిగ్గుపడుతూ వెళ్ళిపోయారు.

వచ్చినాయన పడుకోకుండానే పరుపు కొనుక్కుని పోయాడు. కొట్టాయన మొహం మాత్రం మాడిపోయింది. పోస్టుమాన్ తలకింద గుంటపడిన దిండును తట్టి సరిచేస్తూ అన్నాడు:

"ఆ ఆన్‌లైనేదో రేపే పెట్టెయ్యవే."

"నిజంగానా నాన్నా!"

"ఊఁ. ఈ కొనేవాళ్ళు ఇక్కడికి రాకుండా ఉంటే చాలు. బంగారంలాంటి నిద్ర చెడగొడుతున్నారు."