మిల్లు గేటు కాడ కేంబ్రిడ్జి

"నీ కేంబ్రిడ్జి పని ఎప్పుడో ఖతమైంది లింగస్వామీ. ఇప్పుడంతా హార్వర్డే!"

మిర్యాలగూడ రైస్‌మిల్లు గేటు ముందు, చాయ్ కొట్టు దగ్గర గుమస్తా సత్యానందం ఆ మాట అనడం ఇది మొదటిసారి కాదు.

హమాలీ లింగస్వామికి ఒళ్లు మండింది.

మండదా మరి! బస్తాలు మోసే మనిషి కూతురు స్వరూపకు కేంబ్రిడ్జిలో సీటొచ్చింది. హైదరాబాద్ ట్రస్టు వాళ్లు స్కాలర్‌షిప్ ఇస్తేనే ప్రయాణం, లేకపోతే లేదు. ఇల్లు చూసి, తండ్రితో మాట్లాడి పోవడానికి వాళ్ల సారు ఈ వారంలో ఎప్పుడైనా రావచ్చు. కారు దిగే ఆ సారు కోసం పక్కింటి కుర్చీ కూడా అడిగి తెచ్చి పెట్టుకున్నారు.

"ఎనిమిది వందల ఏండ్లది సారూ అది! మీ అమెరికా లేనప్పటి సంది ఉన్నది."

"పాతదైతే గొప్పదా? మా బామ్మర్ది కొడుకు ఆడనే ఉంటడు, అన్నీ చెప్పిండు. పైసలు, పేరు అంతా అమెరికాదే. బ్రిటనోళ్లు ఇగ ముసలోళ్లు."

ఇద్దరిలో ఎవరూ కోదాడ దాటి ఎరుగరు. అయినా సముద్రాల అవతలి కాలేజీల కోసం గొంతులు చించుకుంటున్నారు.

బెంచీ చివర చాయ్ తాగుతున్న కొత్త మనిషి నవ్వాడు. అరిగిన చెప్పులు, భుజానికి గుడ్డ సంచి.

"హార్వర్డ్ పెట్టినోళ్లల్ల శానామంది కేంబ్రిడ్జిల చదివినోళ్లే అన్నా. అవి తల్లీబిడ్డలు. తల్లి గొప్పదా, బిడ్డ గొప్పదా అని కొట్లాడుకుంటరా ఎవరన్న?"

సత్యానందం తొడ చరిచాడు.

"విన్నవా! బిడ్డ ఎదిగింది, తల్లి మంచాన పడ్డది. ఆ ముసల్దానికి చాకిరి చెయ్యనీకి తోలుతున్నవ్ నీ బిడ్డను!"

"నా బిడ్డను అంటవారా!"

బస్తాలు లాగే ఇనుప కొక్కెం లింగస్వామి చేతిలో లేచింది. గుమస్తా మెడ మీదికి బలంగా దించాడు.

కొత్త మనిషి అడ్డం పడ్డాడు.

కొక్కెం అతని మెడ పక్కన దిగింది. లాగితే కండతో సహా ఊడి వచ్చింది. నెత్తురు చిమ్మి చాయ్ గ్లాసుల మీద పడింది. సత్యానందం కేక పెట్టి గేటు లోపలికి పారిపోయాడు.

"నిన్నెవడు రమ్మన్నడ్రా నడుమ!"

కోపం, భయం ఒక్కసారే కమ్మేసి, కూలబడ్డ మనిషిని లింగస్వామి డొక్కలో తన్నాడు.

ఆ మనిషి మూలుగుతూనే అతని కాలు పట్టుకున్నాడు.

"పో అన్నా... పోలీసులు పట్టుకపోతరు... ఇంటికాడ బిడ్డ ఉన్నది గదా."

"దవాఖానకు తీస్కపోదాం, ఒక చెయ్యి పట్టు!" చాయ్ కొట్టాయన అరిచాడు.

లింగస్వామి పట్టలేదు. కాలు విదిలించుకుని పరుగు తీశాడు.

ఇంటి వెనక బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటుంటే స్వరూప ఉరికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"నాయినా, జల్ది అంగీ మార్చుకో! స్కాలర్‌షిప్ సారు వస్తుండు. కేంబ్రిడ్జిల చదివి, హార్వర్డ్‌ల పాఠాలు చెప్పినాయనట!"

లింగస్వామి బోరింగు పిడి వదిలేశాడు.

"కార్ల వస్తుండా బిడ్డా?"

"కాదు నాయినా, రైలు దిగి నడుసుకుంట వస్తుండట. మీ మిల్లు గేటు కాడ చాయ్ తాగుతున్న, ముందు మీ నాయినను కలిసే వస్తనని జర సేపు కిందనే ఫోన్ చేసిండు."